సరేలమ్మ కంప్యూటరు

మా చెల్లెలు పుస్తకం చదువుతుంటే వినాలి. ఒక్క ఒత్తు జారకుండా, ఎంత మొండి వాక్యాన్నైనా బుజ్జగించి దారికి తెస్తుంది. అన్ని మాటలూ పలికే ఆ నోట ఒక్క మాట మాత్రం రాదు. ఆ మాట "వద్దు".

చిన్నప్పటినుంచీ ఇంతే. పక్కింటి పిల్ల వచ్చి నీ కొత్త గౌను ఓసారి వేసుకుంటానంటే "సరేలే" అనేది. అది చంక దగ్గర చిరిగి తిరిగొస్తే "పర్లేదులే" అనేది. అందుకే ఇంట్లో దాన్ని సరేలమ్మ అని పిలిచేవాళ్ళం. పెద్దదై, పెళ్ళయి, ఒక బడి ఆఫీసులో గుమస్తాగా చేరినా పేరు నిలబెట్టుకుంది. సెలవు పెట్టిన ప్రతివాళ్ళ పనీ దీని బల్ల మీదకే చేరేది. ఒకసారి కాలికి బిగుతుగా ఉన్న చెప్పులు కొనుక్కొచ్చింది. ఎందుకు కొన్నావే అంటే, "ఆ అమ్మాయి పాపం వంగి వంగి ఎన్ని జతలు తీసి చూపించిందో అక్కా! కొనకపోతే ఏం బావుంటుంది?" అంది. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది కదా. పూర్తిగా చెప్పను గానీ, మా చెల్లెలి కాళ్ళకి మాత్రం బొబ్బలయ్యాయి.

నేను దీనికి పూర్తిగా ఎదురు. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఒకటే ప్రశ్న: "టికెట్టేదీ?" ఏడ్చినవాళ్ళనీ, ఎగిరినవాళ్ళనీ, నిద్ర నటించినవాళ్ళనీ అందరినీ అడిగాను. ఒకసారి మా చెల్లెలు నేను డ్యూటీలో ఉన్న రైల్లోనే ప్రయాణం చేసింది. కిటికీ పక్క సీటు చూసి మరీ తీసిపెట్టాను. పెట్టె అవతలి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి తలుపు దగ్గర సంచి మీద కూర్చుని ఉంది. దాని సీట్లో ఒకాయన కాళ్ళు బార్లా చాపుకుని గుర్రు పెడుతున్నాడు. "నడుం నొప్పట అక్కా, పాపం" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేపి అడిగితే ఆ మహానుభావుడి దగ్గర అసలు టికెట్టే లేదు!

అలాంటి మనిషి, ఎవరూ అడగకుండా, తనంతట తాను ఒకే ఒక్కటి కోరుకుంది. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే గ్రంథాలయం ఒకటుంది. ఒకరోజు ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళి, "నేను చదువుతానండీ, నాకేమైనా ఇస్తారా?" అని అడిగి వచ్చింది. ఇంటికి రాగానే నాకు ఫోన్ చేసింది. "ఇచ్చారక్కా!" అంది. బడిలో బహుమతి వచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు అది. అప్పట్లో ఆ బహుమతిని కూడా ఎవరికో ఇచ్చేసి వచ్చిందిలెండి.

వాళ్ళిచ్చినవి ఫిజియోథెరపీ చదివే ఒక అమ్మాయి పాఠాలు. చిన్నతనంలోనే ఆ పిల్లకి చూపు పోయింది. నరాలూ కండరాలూ చేత్తో పట్టుకుని చేసే వైద్యానికి కళ్ళెందుకని పట్టుబట్టి ఆ చదువులో చేరిందట. చేతులు సరే, పుస్తకాలో? అవి ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఆ ఎవరో మా చెల్లెలు.

పడకగదిలో, బీరువాకీ గోడకీ మధ్య సందులో కంప్యూటరు పెట్టుకుంది. వీధి చప్పుడు రాకుండా కిటికీకి రగ్గులు వేలాడదీసింది. ఊపిరి గాలి తగలకుండా మైకుకి వాళ్ళాయన పాత మేజోడు తొడిగింది. ఉతికిందేనని ఒట్టేసి చెప్పింది. చదివేటప్పుడు ఫ్యానూ ఫ్రిజ్జూ కట్టేసి, మెడలో తువ్వాలు వేసుకుని, చెమటలు కక్కుకుంటూ కూర్చునేది. ఆ సమయంలో మా మరిదిగారు ఇంట్లో పిల్లిలా నడిచేవారు. తుమ్ము వస్తే మెట్లు దిగి వీధిలోకి పోయి తుమ్మి వచ్చేవారు, పాపం మంచి మనిషే.

ఇలా కొన్ని నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి, గుమ్మంలోకే పిండిమర ఆడుతున్నట్టు మోత వినిపించింది.

"ఏమిటే ఆ చప్పుడు?" అన్నాను.

"కంప్యూటరక్కా. ఆయాసం వచ్చినట్టు రొప్పుతోంది" అంది చెల్లెలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కూర్చోబెట్టి అడిగితే, ఆ ముందురోజు చదివిన పాఠం పెట్టి వినిపించింది. వెనకాల బుర్రుమని మోత, ముందు దీని గొంతు: "భుజం కీ... కీ... కీలు చుట్... చుట్టూ ఉండే కం... కం..."

"ఇదేం పాఠమే, నూనె లేని తలుపులాగా!" అని నవ్వబోయి, దాని మొహం చూసి నోరు మూసుకున్నాను.

గ్రంథాలయం ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసిందట. రికార్డింగులు కొంతకాలంగా ఇలాగే వస్తున్నాయనీ, ఆ అమ్మాయి పరీక్షలు దగ్గరకొచ్చాయనీ, ఈ సాయంత్రంలోగా ఒక్క పాఠమైనా శుభ్రంగా పంపకపోతే మిగతావి ఇంకొకరికి ఇవ్వక తప్పదనీ చెప్పిందట.

"నువ్వేమన్నావు?"

"సరేలెండి అన్నాను."

"సరేలెండి అన్నావా!"

"ఆవిడ మాత్రం ఏం చేస్తుందక్కా? ఆ పిల్ల పరీక్ష ముఖ్యం కదా" అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. "నాకు ఇదొక్కటే అక్కా నాదనిపించేది" అంది.

అంతే. నా గుండె నీరైపోయింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియదు. నాకు కోపం వస్తే ముందు పని మొదలుపెడతాను, ఎవరి మీదో తర్వాత చూసుకుంటాను. చేతులు కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాను.

నాకు ఆ విద్య పెద్దగా రాదు. రిపేరు షాపతనికి ఫోన్ మీద ఫోన్ చేస్తే ఎప్పటికో ఎత్తాడు. "ఇక్కడ మిషన్లు గుట్ట పడున్నాయమ్మా, తెచ్చినా ఈ వారం చూడలేను" అన్నాడు.

"నాయనా, సాయంత్రంలోగా కావాలి. మోత, నత్తనడక, మాట ముక్కలు ముక్కలుగా రావడం, ఇదీ రోగం. ఏదో ఒకటి చెప్పి పుణ్యం కట్టుకో."

"సరే, కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజరని వస్తుంది. లోపల నడుస్తున్నవన్నీ అందులో కనిపిస్తాయి. సీపీయూ అన్నచోట నొక్కితే ఎక్కువ తింటున్నవి పైకొస్తాయి. వాటిని ఆపి చూడండి. ఏదో తెలియనిదాన్ని మాత్రం ముట్టుకోకండి" అని పెట్టేశాడు.

నొక్కాను. వచ్చింది. సీపీయూ నూటికి నూరు! మెదడంతా నిండిపోయి, కాలు పెట్టే సందు లేదు. కింద వరసగా పేర్లు, పేర్లు, పేర్లు.

"ఇది కంప్యూటరటే? సెలవుల్లో జనరల్ బోగీ!" అన్నాను. నాకు మాత్రం ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత మళ్ళీ పెట్టె ఎక్కినట్టుంది. "చెప్పవే, ఒక్కొక్కరినీ అడుగుతాను. వీడెవడు? రాకెట్టట."

"అది వేగం పెంచేది."

"ఎవరు పెట్టారు?"

"నేనే. ఒకరోజు తెర మీద కనిపించి, 'మీ కంప్యూటరు నెమ్మదిగా ఉంది, వేగం పెంచమంటారా?' అని అడిగింది. అవునని నొక్కాను."

"ఈ మెరుపు?"

"అదీ అడిగింది."

"ఈ తుఫాను?"

"అదీ అడిగిందక్కా. అంత మర్యాదగా అడుగుతుంటే కాదంటే ఏం బావుంటుంది?"

"ఎవరికే బావుండదు? అదేమన్నా మీ మేనత్తా? వీధిలో పోయే గాలి!"

వాటిని ఒకటొకటిగా ఆపాను. ఆగినట్టే ఆగి, మరు నిమిషంలో రాకెట్టు మళ్ళీ పైకి వచ్చి కూర్చుంది. ఈ తలుపులోంచి దింపితే ఆ తలుపులోంచి ఎక్కే రకాల్ని నేనెంతమందిని చూడలేదు! సెట్టింగుల్లోకి పోయి, వేళ్ళతో సహా పీకేశాను. నూటికి నూరు తొంభైకి దిగింది. మోత తగ్గలేదు.

తర్వాత పేరు చేపలు. అదేమిటా అని చూస్తే, తెర మీద వెనకాల ఈదుతున్న రంగు చేపలు. మా మరిదిగారు పెట్టుకున్నవి. నిజం చేపలైతే నీళ్ళు మార్చాలి, మేత వేయాలి, ఇవైతే ఏమీ అడగవని ఆయన మురిపెం. ఏమీ అడగకుండానే నూటికి పదిహేను మింగుతున్నాయి.

"మరిదిగారూ! మీ చేపలు వెళ్ళిపోతున్నాయి, వచ్చి చూసుకోండి" అని కేకేశాను.

ఆయన గుమ్మం దగ్గరకొచ్చి, తలగోక్కుంటూ నిలబడ్డారు. "వదినగారూ, ఆ నారింజ రంగు దాన్నొక్కదాన్ని ఉంచకూడదూ? మిగతావి పోతే పోయాయి" అన్నారు.

"టికెట్టుందా దానికి?"

"లేదనుకోండి..."

"అయితే దిగాల్సిందే."

చేపలు పోయాయి. ఆయన నిట్టూర్చి టీ పెట్టడానికి వెళ్ళారు. నాకు ఊపొచ్చేసింది. ఊపొస్తే నాకు ఆగడం తెలియదు. తర్వాతి పేరు ఎక్స్‌ప్లోరర్ అని ఉంది. "ఎక్స్‌ప్లోరర్ అంటే దేశాలు పట్టి తిరిగేవాడు కదూ? తిరిగేవాడికి నీ పడకగదిలో ఏం పనే?" అని, చెల్లెలు "అక్కా, అక్కా, తెలియనిదాన్ని ముట్టుకోవద్దన్నాడు ఆ అబ్బాయి" అంటున్నా వినకుండా, ఆపేశాను.

తెర మీద ఉన్నవన్నీ మాయమయ్యాయి. బొమ్మలు లేవు, కింద పట్టీ లేదు, ఏమీ లేదు. నల్లగా, అద్దంలా, అందులో నా మొహం.

ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె! టికెట్టు లేనివాణ్ణి దింపబోయి డ్రైవరుని దింపేశాను. చెల్లెలు నన్ను తిట్టలేదు. "పర్లేదులే అక్కా" అంది. ఆ "పర్లేదులే" వింటే తిట్టించుకోవడమే నయమనిపించింది. మరిదిగారు టీ కప్పులతో వచ్చి, తొంగి చూసి, "నా చేపలుంటే చూసేవి, చెప్పేవి" అని గొణిగి, బటను పట్టుకుని మిషను ఆర్పి మళ్ళీ వెలిగించారు. అదృష్టం బావుండి అన్నీ తిరిగొచ్చాయి. ఆ తర్వాత నేను ప్రతి పేరునీ ఎవరో కనుక్కున్నాకే ముట్టుకున్నాను.

అసలు దొంగలు అప్పుడు దొరికారు. వరసలో పైన రెండు పేర్లు, ఒకటి నలభై తింటుంటే ఇంకోటి ముప్పై అయిదు. రెండూ వైరస్ రాకుండా కాపలా కాసేవే!

"ఇద్దరు కాపలావాళ్ళెందుకే?"

చెల్లెలు గోడకేసి చూస్తూ చెప్పింది. "ఒకటి కింద వాటా బాబాయిగారు పెట్టారు. తనకి చాలా బావుందట, నువ్వూ పెట్టుకోమ్మా అని సరదాపడి ఆయనే వచ్చి పెట్టి వెళ్ళారు. తర్వాత మా అక్కయ్య వచ్చింది." అక్కయ్య అంటే దాని తోడికోడలు, వాళ్ళ బావగారి భార్య. "బాబాయిగారు పెట్టింది పాతకాలందట, తన ఆఫీసులో వాడేది పెట్టింది."

"అది పెట్టినప్పుడు ఇది తీసెయ్యలేదా?"

"బాబాయిగారు రోజూ మెట్ల దగ్గర కనిపిస్తారక్కా. ఎలా పనిచేస్తోందమ్మా అని అడుగుతారు. తీసేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆపబోయాను. అనుమతి లేదంది. "నా చెల్లెలి ఇంట్లో నాకు అనుమతి లేదా?" అని అరిచాను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ లేదంది. ఇక సిగ్గు విడిచి రిపేరు షాపతనికి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి సంగతి వినగానే పకపకా నవ్వాడు.

"రెండున్నాయా! ఇంకేముందమ్మా. ఇది కదిలినప్పుడల్లా అది దొంగేమోనని తనిఖీ చేస్తుంది. అది తనిఖీ చేస్తుంటే ఇదెవరో తిరుగుతున్నారని దాన్ని తనిఖీ చేస్తుంది. రాత్రీ పగలూ ఒకదాని జేబులు ఒకటి వెతుక్కోవడమే. మిషన్‌తో పాటు వచ్చిన కాపలా ఒకటి లోపల ఎలాగూ ఉంటుంది, ఇంటికి అది చాలు. ఈ రెంటినీ తీసేయండి."

కంచే చేను మేస్తోందన్నమాట. ఇన్నాళ్ళూ మా చెల్లెలు చెమటలు కక్కుతూ చదివిన పాఠాలన్నీ ఈ ఇద్దరి తగువులో పడి ముక్కలయ్యాయి. పదిమంది చేరితే పాము చావదంటారు. ఇక్కడ పాము కూడా లేదు, కర్రలు మాత్రమే కొట్టుకుంటున్నాయి.

నేను కుర్చీలోంచి లేచాను. "రా, కూర్చో. ఇవి నువ్వే తీసెయ్యాలి" అన్నాను.

"నువ్వు తీసెయ్యక్కా. నాకు చేతులాడవు."

"నేను తీస్తే రేపు ఇంకెవరో వచ్చి ఇంకోటి పెడతారు. నువ్వు సరేలే అంటావు. కూర్చో."

కూర్చుంది. "బాబాయిగారిది ముందా, అక్కయ్యది ముందా?" అని నన్నే అడిగింది. "ముందెవరిది తీస్తే వాళ్ళని తక్కువ చేసినట్టవుతుంది కదా." నేను దాన్ని చూసిన చూపుకి గబగబా బాబాయిగారి దానిమీద నొక్కింది.

తీసెయ్యడమంటే ఊరికే పోతాయా అవి! "నిజంగా తీసెయ్యమంటారా?" అని అడిగింది మిషను. ఇంతవరకూ మా చెల్లెలికి తేలికే, అవుననడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అవునంది. అప్పుడు తెర మీద ఏడుపు మొహం బొమ్మ ఒకటి వచ్చింది. "మీరు మమ్మల్ని వదిలి వెళ్తున్నందుకు బాధగా ఉంది." కింద అరచేయంత ఆకుపచ్చ గడి: "మాతోనే ఉండండి." ఆ కింద, చీమ తలకాయంత బూడిద రంగు అక్షరాలు: "అయినా తీసెయ్యి."

చెల్లెలి చెయ్యి ఆకుపచ్చ గడి వైపు జరిగింది.

"ఏయ్!" అన్నాను.

చెయ్యి వెనక్కి వచ్చింది. మళ్ళీ జరిగింది. "ఏడుస్తోందక్కా" అంది.

"అది బొమ్మే! నువ్వు పొద్దున్న ఏడ్చావు, దానికి పట్టిందా?"

చెల్లెలు ఆ బొమ్మ వంక చూసింది. తర్వాత కళ్ళు చికిలించి, చీమ తలకాయ మీద గురి పెట్టి నొక్కింది. ఇప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది, ఎందుకు తీసేస్తున్నారో చెప్పండని. చెప్పకపోయినా నష్టం లేదు. కానీ మా సరేలమ్మ టకటకా ఏదో రాసి పంపేసింది. వంగి చూద్దును కదా, "మీ తప్పేమీ లేదు. మాకే కుదరలేదు. ఏమీ అనుకోకండి" అని రాసింది. నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. తోడికోడలి దానిక్కూడా అక్షరం పొల్లు పోకుండా అదే రాసింది, ఎవరినీ తక్కువ చెయ్యకుండా.

మిషను ఆరి మళ్ళీ వెలుగుతానంది. తెర మీద గుండ్రం తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గ్రంథాలయం ఆవిడ. చెల్లెలు ఎత్తడానికి వెనకాడుతుంటే నేనే స్పీకరు నొక్కాను.

"మీరు చాలా ఇబ్బంది పడుతున్నారండీ, నాకు తెలుసు" అంది ఆవిడ, మెత్తగా. "ఇంకొకాయన దొరికారు. మంచి మిషనుంది ఆయన దగ్గర, ఇవాళే మొదలుపెడతానన్నారు. మీకెందుకు ఇంత శ్రమ? మిగతా పాఠాలు ఆయనకిచ్చేస్తాను. సరేనా అమ్మా?"

గుండ్రం తిరుగుతూనే ఉంది. మిషను లేస్తుందో లేదో, లేచినా మోత పోతుందో లేదో మాకు ఇంకా తెలియదు. చెల్లెలి పెదవులు "స" కోసం సిద్ధమవడం నాకు కనిపించింది. అది పుట్టినప్పటినుంచీ నేను చూస్తున్న పెదవులు కదా అవి. నా నోటికి అడ్డం పెట్టుకోవడానికి నా చెయ్యే నాకు చాల్లేదు. నేను అందుకుని చెప్పడం ఎంతసేపు? కానీ ఇది నా టికెట్టు కాదు, దానిది.

"వద్దండీ" అంది మా చెల్లెలు.

మిషన్ ఆగిందా, ఫోను ఆగిందా, నా చెవులే ఆగాయా అనిపించింది.

"ఎవరికీ ఇవ్వొద్దండీ" అంది మళ్ళీ. "ఆ అమ్మాయి నా గొంతుకి అలవాటు పడింది. పరీక్ష ముందు కొత్త గొంతు వద్దు. సాయంత్రం దాకా అన్నారు కదా, ఇంకా సాయంత్రం కాలేదు. నేనే చదువుతాను."

ఆవిడ "మంచిదమ్మా, ఎదురుచూస్తాను" అని పెట్టేసింది. చెల్లెలు ఫోను బల్ల మీద పెట్టి, "కోపమొచ్చిందంటావా ఆవిడకి?" అని అడిగింది. నేను దాన్ని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. మరిదిగారు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టబోయి, చేతిలో టీ కప్పుందని గుర్తొచ్చి ఆగారు.

మిషను లేచింది. లేచి, ఏ చప్పుడూ లేకుండా ఊరుకుంది. పాడైపోయిందేమోనని ముగ్గురం దగ్గరికి వంగి విన్నాం. సీపీయూ నూటికి ఆరు. బోగీలో కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు! ఫ్యానూ ఫ్రిజ్జూ కట్టేశాం. మరిదిగారిని ముందుజాగ్రత్తగా వీధిలోకే పంపేశాం. నేను మంచం మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చెల్లెలు మెడలో తువ్వాలు వేసుకుని, మేజోడు తొడిగిన మైకు ముందు భుజం పాఠం మొదలుపెట్టింది. కీలు కీలులాగే వచ్చింది. ఎక్కడా తెగలేదు. నాకు ఒక్క కండరం పేరూ అర్థం కాలేదు గానీ, ఇంకా చదివితే బావుండుననిపించింది.

పాఠం పంపించి, గ్రంథాలయం నుంచి "చాలా బాగా వచ్చింది, మిగతావీ మీరే కానివ్వండి" అని మెసేజి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఆ ఊపులోనే మెట్లు దిగుతుంటే కింద వాటా బాబాయిగారు ఎదురయ్యారు. చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమ్మా, మా కాపలావాడు బాగా పనిచేస్తున్నాడా?" అన్నారు ఆయన.

చెల్లెలు నా చెయ్యి వదిలేసింది. "తీసేశాను బాబాయిగారూ" అంది. "మీరేమీ అనుకోకండి. అది ఉంటే చదువుకోవడం కుదరట్లేదు."

ఆయన మొహం విప్పారింది. "బతికించావు తల్లీ! నేను నాది ఎప్పుడో పీకేశాను. మిషను నత్తలాగా నడుస్తోందని. నీకు చెప్దామని ఎన్నిసార్లు మెట్ల దగ్గర ఆగానో. నేనే వచ్చి పెట్టి, నేనే పనికిరాదంటే ఏం బావుంటుంది? అందుకే ఎలా పనిచేస్తోందని అడుగుతుండేవాణ్ణి, నువ్వే ఏదో ఒకటి అంటావని!"

నాకు గోడకి తల బాదుకోవాలనిపించింది. ఒకరు పైన, ఒకరు కింద, మధ్యలో మొహమాటం. కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది చెప్పండి! తోడికోడలికి మా చెల్లెలు ఇంకా చెప్పలేదు. వచ్చే నెల చెప్తుందట. సరే, అన్నీ ఒక్కరోజే అవుతాయా?

పాఠాలన్నీ అయ్యాయి. ఆ అమ్మాయి పరీక్షలు రాసింది, గట్టెక్కింది, ఒక ఆస్పత్రిలో పనిలో చేరింది. అన్నీ గ్రంథాలయం ద్వారానే నడిచాయి కాబట్టి ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. కదిలే రైళ్ళలో నిలబడి నిలబడి అరిగిన నా మోకాలు ఈమధ్య మొరాయిస్తే, చెల్లెలు నన్ను వెంటబెట్టుకుని ఆ ఆస్పత్రికే తీసుకెళ్ళింది. దారిలోనే ఒట్టు వేయించుకుంది: "నేనెవరో చెప్పకక్కా. చదివింది నేనేనని చెప్పుకుంటే ఏం బావుంటుంది? ఊరికే ఒకసారి చూసి వచ్చేద్దాం."

పరదా కట్టిన చిన్న గది. బల్ల మీద నేను కాలు చాపుకుని పడుకున్నాను. చెల్లెలు నా చేతికందేంత దగ్గర, మూలన స్టూలు మీద నోరెత్తకుండా కూర్చుంది. ఆ అమ్మాయి వచ్చింది, సన్నగా, చురుగ్గా. నా మోకాలు రెండు చేతుల మధ్యకి తీసుకుంది. వేళ్ళు మెల్లగా జరుపుతూ, తనలో తనే గొణుక్కోవడం మొదలుపెట్టింది.

"మోకాటి చిప్ప... దాని కింద బంధనం... అక్కడి నుంచి ముంగాలి ఎముక దాకా..."

నేను తలెత్తి చూశాను. ఆ "దాకా" అలా సాగదీసి, చివర కొంచెం పైకెత్తేది లోకంలో ఒక్కరే. కష్టమైన మాట ముందు పావు క్షణం ఆగి, గుంట దాటినట్టు దాటేదీ ఒక్కరే. గొంతు ఆ పిల్లదే, పలుకు మాత్రం మా చెల్లెలిది. ఆ పిల్ల వేళ్ళు ఆ పలుకు వెంట, దారి చెప్తుంటే నడిచినట్టు, నా ఎముకల మీద నడుస్తున్నాయి. చెల్లెలు మూలన కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను ఒట్టు తప్పలేదు. నోరు తెరవలేదు. చెయ్యి చాచి దాన్ని గట్టిగా గిల్లాను, అంతే.

"అబ్బా!" అంది. ఇంక తప్పక, "కాస్త మెల్లగా అమ్మా, ఆవిడకి ఆ పక్కనే ఎక్కువ నొప్పి" అంది.

నా మోకాలి మీద వేళ్ళు ఆగిపోయాయి. ఆ అమ్మాయి మొహం మూల వైపు తిరిగింది.

"మీరా?" అంది. "నా పాఠాల అమ్మగారు మీరేనా?"

"నేనేనమ్మా" అంది మా చెల్లెలు.

ఆ పిల్ల నా కాలు వదిలేసి, చేతులు ముందుకు చాచుకుంటూ వెళ్ళి, దాని రెండు చేతులూ వెతికి పట్టుకుంది. చెల్లెలు లేచింది, ఇద్దరూ అలాగే నిలబడ్డారు. నా మోకాలు సంగతి ఎవరికీ గుర్తులేదు. నేను కళ్ళు తుడుచుకుంటూ ఆ బల్ల మీద పడుకునే ఉన్నాను.